ఒక్కసారే చెప్పాల్సిన జవాబు

నాగోల్‌లో మెట్రో ఎక్కితే ఉప్పల్, స్టేడియం దాటాక వచ్చే స్టేషన్ పేరు ఎన్‌జీఆర్‌ఐ. 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అక్కడ ఉంది. మన కాళ్ళ కింది రాళ్ళలో యురేనియం, థోరియం, పొటాషియం ఎంతెంత ఉన్నాయో, వాటి నుంచి భూమి లోపల ఎంత వేడి పుడుతోందో లెక్కగట్టడం అక్కడి పనుల్లో ఒకటి. ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా పోతే ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. 1967లో ఏ.ఎస్.రావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్ దేశానికి రేడియేషన్ కొలిచే పరికరాలు చేసిపెట్టింది. ఆయన పేరే పక్కనున్న ఏ.ఎస్.రావు నగర్‌కు పెట్టారు. దగ్గర్లోనే 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ) ఉంది. అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన ఇంధనం అక్కడ తయారవుతుంది. రేడియేషన్‌తో పనిచేసి సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకోవడం తూర్పు హైదరాబాదులో ఎన్నో కుటుంబాలకు యాభై ఏళ్ళుగా మామూలు సంగతి.

అదే తూర్పు హైదరాబాదులో ఇంకో రకం ఇల్లు కూడా ఉంటుంది, ఓసీడీ అనే జబ్బు ఉన్న ఇల్లు. ఈ అధ్యాయం ఆ ఇంటి గురించి, ముఖ్యంగా ఆ ఇంట్లో జబ్బు లేని మనిషి గురించి.

నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు అనుకోండి. భర్తది నల్గొండ వైపు ఊరు, భార్యది ఖమ్మం. ఒక్కడే బాబు. ఇంట్లో అత్తగారు కూడా ఉంటారు. వీళ్ళు ఫలానా మనుషులు కారు. ఈ జబ్బున్న ఇళ్ళలో తరచూ కనిపించే విషయాల్ని ఒకచోట చేర్చి నేను కట్టిన ఇల్లు ఇది, అందుకే పేర్లు పెట్టలేదు. అత్తగారికి కడుపునొప్పి వస్తే కోడలు కొత్తపేటలో సీటీ స్కాన్ తీయించి తీసుకొచ్చింది. భర్త గుమ్మంలోనే ఆపాడు.

"లోపలి గదిలకు పోలేదు కదా?"

"పోలేదండీ. బయట కుర్చీలనే కూర్చున్న."

"తలుపు మూసే ఉండెనా?"

"మూసే ఉండె."

"ఎర్ర లైటు వెలిగినప్పుడు నువ్వు ఎంత దూరంల ఉన్నవ్? నిజం చెప్పు."

ఆమె నిజమే చెప్పింది. అయినా చెప్పులు బయటే ఉండిపోయాయి, హ్యాండ్‌బ్యాగు బాల్కనీలోకి పోయింది, చీర నేరుగా వాషింగ్ మెషీన్‌లో పడింది. ఆమె తలస్నానం చేసి వచ్చేదాకా బాబు దగ్గరికి రాకూడదు. స్కాన్ రిపోర్టు ఉన్న కవరును అతను ముట్టుకోడు, ఆమె ఒక్కో పేజీ ఫోన్‌లో ఫొటో తీసి చూపించాలి. ఆ రాత్రి అత్తగారికి కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. "నాకేమన్న అంటురోగమా బిడ్డా" అని ఆవిడ అడిగితే కోడలికి ఏం చెప్పాలో తోచలేదు. లైట్లు ఆర్పాక మళ్ళీ అదే ప్రశ్న. తలుపు మూసే ఉండెనా?

అతను ఇంజినీరింగ్ చదివినవాడు. సీటీ యంత్రం ఆపగానే కిరణాలు ఆగిపోతాయని అతనికి తెలుసు. స్విచ్ తీశాక బల్బు వెలుతురు గదిలో మిగలనట్టే ఎక్స్‌రే కూడా మిగలదని, స్కాన్ తీయించుకున్న మనిషి ఒంటి నుంచి ఏ కిరణాలూ రావని కూడా తెలుసు. పరీక్షలో అడిగితే సరిగ్గా రాస్తాడు. తెలియక భయపడే మనిషికి విషయం విడమరిచి చెబితే భయం తగ్గుతుంది. ఓసీడీ ఉన్న మనిషి భయం తెలియకపోవడం వల్ల పుట్టింది కాదు కాబట్టి, చెప్పినంత మాత్రాన పోదు. భార్య రాత్రి పదకొండింటికి ఎన్నోసారో "మూసే ఉండె" అని చెబుతున్నప్పుడు ఆమె ప్రేమగా, నిజాయితీగా, తప్పు మందు వేస్తోంది.

ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. నూటికి ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జబ్బు. 2017లో శర్వానంద్ నటించిన 'మహానుభావుడు' వచ్చాక ఈ మాట మనవాళ్ళ నోళ్ళలో బాగా నానింది కాని, అతిశుభ్రత అన్న అర్థంలోనే నిలిచిపోయింది. జబ్బులో రెండు భాగాలున్నాయి. వద్దన్నా వచ్చిపడే ఆలోచన ఒకటి, దాని వల్ల పుట్టిన గుబులు దించుకోవడానికి చేసి తీరాల్సిన తంతు రెండోది. కడగడం, అడగడం, తడిమి చూడటం, మనసులో లెక్కపెట్టుకోవడం, గూగుల్‌లో వెతకడం, అన్నీ తంతులే. పిచ్చి ఆలోచనలు రావడం వింత కాదు. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే పరిశోధకులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగితే ఎక్కువమంది తమకూ అలాంటివి వస్తాయనే చెప్పారు. మామూలు మనిషి దాన్ని పోనిచ్చేస్తాడు. ఓసీడీ ఉన్న మనిషి దాన్ని బాధ్యతగా తీసుకుంటాడు. "నేను ఇప్పుడు జాగ్రత్తపడకపోతే, పదేళ్ళ తర్వాత నా కొడుక్కి ఏమన్నా అయితే, ఆ పాపం నాదే." తన మీద తనే వేసుకునే ఈ అతిబాధ్యతే జబ్బుకు ఆయువుపట్టని బ్రిటిష్ మనస్తత్వవేత్త పాల్ సాల్కోవ్‌స్కిస్ 1985లో వివరించాడు. మన కథలో భర్త స్వార్థపరుడు కాడు. ఇంటిల్లిపాదినీ కాపాడుతున్నానని నమ్ముతున్నాడు. భార్యకు కోపం వచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

తిరిగి తిరిగి సరిచూసుకుంటే అనుమానం తగ్గాలి కదా అనిపిస్తుంది. జరిగేది వేరు. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కింట్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న మనుషుల చేత కంప్యూటర్ తెర మీద బొమ్మ గ్యాస్ పొయ్యిని పదేపదే ఆర్పించి, ఆరిందో లేదో పదేపదే చూపించారు. 2003లో ఫలితాలు ప్రచురించారు. ఏ బర్నర్ ఆర్పారో వాళ్ళు సరిగ్గానే చెప్పగలిగారు. కాని ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద వాళ్ళకే నమ్మకం సడలింది. ఏ జబ్బూ లేనివాళ్ళకే అలా అయింది. అంటే సరిచూసుకోవడం అనుమానానికి విరుగుడు కాదు, అనుమానాన్ని పెంచే పని. "తలుపు మూసే ఉండె" అని భార్య చెప్పిన ప్రతిసారీ ఆ తలుపు అతని మనసులో ఇంకాస్త మసకబారుతుంది.

ఇక రేడియేషన్ సంగతి. కొన్ని అంకెలు ఇక్కడ ఒక్కసారి చెప్పుకుందాం.

నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల సహజ రేడియేషన్ అందుతుంది. హైదరాబాదు గ్రానైట్ గుట్టల మీద ఉన్న ఊరు, గ్రానైట్‌లో యురేనియం, థోరియం కొద్దికొద్దిగా ఉంటాయి. నాగోల్ వంటింట్లో స్టవ్ పెట్టే గట్టు కూడా ఆ రాయే కావచ్చు. దాని నుంచి వచ్చేది భయపడాల్సినంత కాదు. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకన్నా తక్కువ. ఛాతీ సీటీకి 6, 7 మిల్లీసీవర్టులు. మన అణుశక్తి నియంత్రణ మండలి సహజ రేడియేషన్, వైద్య పరీక్షలు పోను మామూలు జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్టు హద్దు పెట్టింది. డయాగ్నస్టిక్ సెంటర్లలో సీటీ గది గోడలు, తలుపు, తలుపు మీది ఎర్ర లైటు, పసుపు మీద మూడు రెక్కల గుర్తు, ఇవన్నీ బయట కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఆ హద్దు దాటకుండా ఉండటానికి చేసిన ఏర్పాట్లు. మొబైల్ టవర్, వైఫై, ఫోన్ల సంగతి పూర్తిగా వేరు. వాటి తరంగాలకు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత శక్తి లేదు. అయినా మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల తరంగాల పరిమితిని అంతర్జాతీయ హద్దులో పదో వంతుకు తగ్గించింది. 2018లో వచ్చిన '2.0' సినిమాలో పక్షుల్ని చంపేది సెల్‌ఫోన్లే అని చూసి బయటికొచ్చినవాళ్ళలో ఆ పదో వంతు సంగతి ఎంతమందికి తెలుసు?

ఇంకో అంకె నాకు చాలా ఇష్టం. పొటాషియం లేనిదే మన గుండె కొట్టుకోదు. ప్రకృతిలో దొరికే పొటాషియంలో అతికొద్ది భాగం పొటాషియం-40, అది రేడియోధార్మికం. 70 కిలోల మనిషి ఒంట్లో సెకనుకు 4,000కు పైగా పొటాషియం-40 పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. భూమి పుట్టినప్పటి నుంచీ వస్తున్న ఆ కిరణాలు మనందరిలోనూ ఉన్నాయి. పక్కన పడుకున్న మనిషి నుంచి మనకు, మన నుంచి వాళ్ళకు, లెక్కలోకి రానంత స్వల్పంగా అందుతూనే ఉంటాయి.

ఈ అంకెను ఆ భర్తకు చెబితే ఏమవుతుంది? చదువరికి ఇది అబ్బురం. అతనికి మాత్రం ఆ రాత్రి నుంచి భార్య పక్కన పడుకోవడానికి, బాబును ఎత్తుకోవడానికి కొత్త భయం పట్టుకోవచ్చు. లేదా దీన్నే తాయెత్తులా వాడుకుని, భయం వేసినప్పుడల్లా "అందరి ఒంట్లో ఉన్నదే కదా, ఖాయమేనా?" అని అడగొచ్చు. రెండూ జబ్బే. సైన్సు రాసేవాడికి ఒప్పుకోవడం కష్టమైన సంగతి, ఓసీడీ చేతికిస్తే మంచి అంకె కూడా మేతే అవుతుంది. అందుకే ఈ అంకెల్ని భర్తకు డాక్టరు ఒక్కసారి, తీరిగ్గా, భార్య పక్కనుండగా చెప్పాలి. ఆ తర్వాత ఇంట్లో అంకెల ప్రస్తావన రాకూడదు. ఆన్‌లైన్‌లో కొన్న రేడియేషన్ మీటరు కూడా ఇంట్లో ఉండకూడదు. సహజ రేడియేషన్ క్షణక్షణానికీ కాస్త పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగుడు చూస్తూ కూర్చునే మనిషికి రాత్రి తెల్లారిపోతుంది. ఫోను వెనక అతికించే యాంటీ రేడియేషన్ స్టిక్కర్లు పనిచేయవు, కొనిపెట్టడమూ తంతులో భాగస్వామి కావడమే.

ఈ జబ్బు రేడియేషన్‌నే ఎందుకు పట్టుకుంది? పాతకాలంలో ఓసీడీ ఉన్నవాళ్ళు సుఖవ్యాధికి భయపడేవారు, తర్వాత క్షయకు, ఎయిడ్స్‌కు, ఆస్‌బెస్టాస్‌కు. కాలం ఏ భయాన్ని ఇస్తే జబ్బు దాన్ని తొడుక్కుంటుంది. రేడియేషన్ దానికి మరీ అనువైనది. కంటికి కనపడదు, వాసన రాదు, హాని ఉంటే అది ఏళ్ళు గడిస్తే గాని బయటపడదు. పైగా నియంత్రణ సంస్థలు ముందుజాగ్రత్తగా ఒక సూత్రం పాటిస్తాయి. ఎంత చిన్న మోతాదుకైనా అంత చిన్న ప్రమాదం ఉందనే అనుకుని లెక్క వేయాలి అన్నది ఆ సూత్రం. పాలసీకి అది మంచిదే. 100 మిల్లీసీవర్టుల కిందికి వచ్చాక క్యాన్సర్ పెరిగిందో లేదో జనాభా లెక్కల్లో తేల్చడమే కష్టం కాబట్టి పెద్దలు జాగ్రత్త వైపు మొగ్గారు. ఓసీడీ ఉన్న మనిషి చెవికి అది వేరేగా వినిపిస్తుంది. సున్నా అయితే తప్ప క్షేమం లేదు, సున్నా ఎక్కడా లేదు. ఖాయమైన జవాబు కోసం తపించే జబ్బుకు ఖాయంగా జవాబు చెప్పలేని శాస్త్రం దొరికింది.

జబ్బు రేడియేషన్‌నే పట్టుకోవడానికి రెండో కారణం మన ఇళ్ళకు బాగా తెలిసిన సంగతి. కిరణం తగలడం వేరు, రేడియోధార్మిక పదార్థం ఒంటికి అంటుకోవడం వేరు. సీటీలో కిరణం తగిలి వెళ్ళిపోతుంది. అంటుకునేదేదీ ఉండదు. (థైరాయిడ్‌కు అయోడిన్-131 మందు మింగినవాళ్ళు కొద్దిరోజులు దూరం పాటించాలి. అది డాక్టరే చెప్పి పంపుతారు.) కాని భర్త మనసులో రేడియేషన్ మైలలా నడుస్తోంది. గది నుంచి అత్తగారికి, ఆవిడ చేతి నుంచి కోడలికి, చీర నుంచి సోఫాకు, సోఫా నుంచి బాబుకు. ముట్టుకుంటే అంటుకునే ఆ లెక్క భౌతికశాస్త్రానిది కాదు, మనందరి మనసుల్లో ఎప్పటి నుంచో ఉన్నదే.

అంటుకునే ప్రమాదం నిజంగా జరిగిన చోట కూడా భయం దాన్ని మించిపోయింది. 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గొయానియాలో పాడుబడ్డ ఆసుపత్రి నుంచి పాత సామాను ఏరుకునేవాళ్ళు సీజియం-137 ఉన్న పరికరాన్ని ఎత్తుకెళ్ళి పగలగొట్టారు. నలుగురు చనిపోయారు. 1,12,000 మందికి పైగా జనం పరీక్షల కోసం స్టేడియానికి వచ్చారు. 249 మందికి నిజంగా అంటుకుంది. ఏమీ అంటని వాళ్ళలో వేలమందికి దద్దుర్లు, వాంతులు, విరేచనాలు వచ్చాయి. వాళ్ళు నటించలేదు. భయం ఒంటిని నిజంగానే బాధపెడుతుంది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా చెప్పాలి. ఆ భర్త ఊరు నల్గొండ వైపు. నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం గనులు తవ్వుతామన్నప్పుడు ఆ ప్రాంతం వాళ్ళు ఎదురు నిలిచారు. 2019లో నల్లమల కోసం తెలంగాణ అంతా గొంతెత్తింది, ఆ సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. హైదరాబాదు తాగే కృష్ణా నీళ్ళు సాగర్ నుంచే వస్తాయి. గని వస్తే నీళ్ళేమవుతాయని అడిగినవాళ్ళకు ఓసీడీ లేదు. అది పౌరుల హక్కు, బాధ్యత. వాళ్ళు సభకు వెళ్ళారు, సంతకాలు పెట్టారు, ఇంటికొచ్చి నిద్రపోయారు. భర్త కూడా ఆ ఊరేగింపులో నడిచి ఉండొచ్చు, నడిస్తే మంచిదే. పని చేశాక తీరేది ఆందోళన. పని చేసిన కొద్దీ పెరిగేది జబ్బు. భార్య ఈ తేడా పట్టుకుంటే, "మీ ఊరోళ్ళ భయం కూడా పిచ్చేనా?" అని భర్త నిలదీసినప్పుడు తడబడాల్సిన పని ఉండదు.

మరి భార్య ఏం చేస్తోంది? చెప్పులు బయట విడుస్తోంది, రాత్రి రౌటర్ ఆపుతోంది, మెట్రోలో వెళితే ఎన్‌ఎఫ్‌సీ ఉద్యోగుల పక్కన కూర్చోలేదని చెబుతోంది, అత్తగారి కంచం వేరు పెడుతోంది, అదే ప్రశ్నకు అదే జవాబు చెబుతోంది. కుటుంబం ఇలా జబ్బుకు ఒదిగిపోవడాన్ని యేల్ విశ్వవిద్యాలయంలో కాల్వొకొరెస్సీ బృందం 1995లో మొదటిసారి కొలతలోకి తెచ్చింది. 34 మంది రోగుల భార్యాభర్తల్ని, తల్లిదండ్రుల్ని అడిగితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఏదో ఒక రూపంలో ఒదిగిపోతున్నారు. చిన్న అధ్యయనమే, కాని తర్వాత వచ్చినవి కూడా అదే చెప్పాయి. ఒదిగిపోవడం ఎంత ఎక్కువైతే జబ్బు అంత తీవ్రంగా ఉంటుంది, చికిత్స అంత నెమ్మదిగా పనిచేస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కళ్ళ ముందు భర్త వణికిపోతుంటే ఒక్క మాటతో ఆ వణుకు ఆగుతుందంటే ఎవరైనా చెబుతారు. ఆ మాట పది నిమిషాలు పనిచేస్తుంది. పదకొండో నిమిషానికి మెదడు ఒక పాఠం నేర్చుకుని ఉంటుంది, భయం వేస్తే అడగాలి, అడిగితేనే భయం పోతుంది అని.

చాలా ఇళ్ళు ఇక్కడ ఒక దారుణమైన మలుపు తీసుకుంటాయి. ఇదంతా చదివిన భార్య మర్నాటి నుంచి ఒక్కసారిగా మానేస్తుంది. "చెప్పను, కడగను, మీ ఇష్టం." అతనికి అది వదిలేయడంలా కనిపిస్తుంది, గొడవ అవుతుంది, అత్తగారు మధ్యలోకి వస్తారు. "అడిగింది చెప్తే పోలే? పిల్లగాడు తిప్పలపడుతుండు." మూడు రోజులకు భార్య ఓడిపోయి మళ్ళీ మొదలుపెడుతుంది. గట్టిగా అడిగితే లొంగుతారని జబ్బు ఇంకో పాఠం నేర్చుకుంటుంది.

పనిచేసే పద్ధతి నెమ్మదిది. ముందు వైద్యుడు. తర్వాత ఇద్దరూ కలిసి, అతను కాస్త తేలిగ్గా ఉన్న రోజున, ఆమె చేస్తున్న సర్దుబాట్లన్నీ ఒక కాగితం మీద రాయాలి. ఏది మానితే అతనికి తక్కువ కష్టమో అది మొదట. ఒక్కటే. ఉదాహరణకు, రౌటర్ ఆపడం మానేయడం. ఎప్పటి నుంచో ముందే అనుకుని, అత్తగారికి కూడా చెప్పి మొదలుపెట్టాలి. ఇంట్లో ఒకరు మానేసి ఇంకొకరు చేస్తుంటే ఏమీ మారదు. అది రెండు వారాలు నిలబడ్డాక రెండోది. ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి ఏమనాలో ముందే ఇద్దరూ ఒప్పుకుని ఉండాలి. "మీకు ఎంత కష్టంగా ఉందో తెలుస్తోంది. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పను, మనం అనుకున్నాం కదా. పక్కనే కూర్చుంటా." ఇందులో మూడో వాక్యం లేకపోతే మొదటి రెండూ కరుకుగా తగులుతాయి. జవాబు ఇవ్వకుండా తోడు ఇవ్వాలి. కూర్చుని క్రికెట్ గురించి, బాబు హోంవర్క్ గురించి మాట్లాడాలి, ఏమీ లేకపోతే ఊరికే చేయి పట్టుకుని ఉండాలి. మొదటి రోజుల్లో ప్రశ్నలు పెరుగుతాయి, గొంతు పెరుగుతుంది. పని చెడిందనుకోవద్దు. జవాబు రాకపోతే జబ్బు ఇంకాస్త గట్టిగా అడిగి చూస్తుంది, అంతే.

చికిత్స అనేది ఇదే సూత్రాన్ని వైద్యుడి చేతుల్లో, పూర్తిగా, క్రమంగా నడపడం. 1966లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో విక్టర్ మేయర్ ఇద్దరు రోగులకు ఈ పద్ధతి వాడిన నివేదికను ప్రచురించాడు. భయపెట్టే వస్తువుల దగ్గరికి తీసుకెళ్ళడం, తంతు చేయకుండా ఆపడం, రెండే పనులు. ఇప్పుడు దాన్ని ఈఆర్‌పీ అంటారు. రేడియేషన్ భయానికి దాని మెట్లు ఇలా ఉంటాయి. మూడు రెక్కల గుర్తు బొమ్మను తెర మీద చూస్తూ కూర్చోవడం, మెట్రోలో ఎన్‌జీఆర్‌ఐ దాకా వెళ్ళి రావడం, డయాగ్నస్టిక్ సెంటర్ వరండాలో కూర్చోవడం, ఆ చొక్కాతోనే ఇంటికొచ్చి సోఫాలో కూర్చోవడం, స్నానం చేయకుండా బాబును ఎత్తుకోవడం. అక్కడ ఎవరూ అతని మీద రేడియేషన్ వేయరు. అందరూ రోజూ చేసే పనులే అతను తంతు లేకుండా చేస్తాడు. భయం దానంతటదే తగ్గడం, తగ్గకపోయినా తాను బతికే ఉండటం, "ఏమన్నా కావొచ్చు, ఖాయంగా తెలీదు" అన్న మాటతో కలిసి అన్నం తినగలగడం, అతను నేర్చుకునేది ఇది. భార్య అక్కడ పోలీసు కాదు. తంతు చేశాడా లేదా అని నిఘా పెట్టడం ఆమె పని కాదు, అది డాక్టరుకూ అతనికీ మధ్య. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో అబ్రమోవిట్జ్, బాకమ్ బృందం దంపతులిద్దర్నీ కూర్చోబెట్టి ఈఆర్‌పీ చేయించే పద్ధతిని రూపొందించి, 2013లో ఫలితాలు ప్రచురించింది. జబ్బు తగ్గడంతో పాటు కాపురాలు కూడా కుదుటపడ్డాయి.

మందులు కూడా పనిచేస్తాయి. సెర్ట్రలిన్, ఫ్లుఓక్సెటిన్, ఫ్లూవాక్సమిన్ లాంటివి డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా తరచూ ఎక్కువ మోతాదులో ఇస్తారు, ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారంలో "ఏం పనిచేయట్లేదు" అని మానేసినవాళ్ళు చాలామంది. 1992లో అమెరికాలో లూయిస్ బ్యాక్స్‌టర్ బృందం మందు వాడినవాళ్ళ మెదళ్ళనూ, బిహేవియర్ థెరపీ చేసినవాళ్ళ మెదళ్ళనూ పెట్ స్కాన్‌లో చూస్తే, తేరుకున్నవాళ్ళలో రెండు దారుల వల్లా కాడేట్ అనే భాగంలో అతిగా జరుగుతున్న పని తగ్గింది. పెట్ స్కాన్ అంటే ఒంట్లోకి కొద్దిగా రేడియోధార్మిక చక్కెర పంపి తీసే బొమ్మ. మెదడులో ఆ మార్పును వాళ్ళు చూడగలిగింది రేడియేషన్ వల్లనే.

హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది, పెద్ద ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. "ఈఆర్‌పీ చేస్తారా?" అని ముందే అడగాలి. ఓసీడీకి చికిత్స చేసే ప్రతిచోటా అది దొరకదు. ఎవరికీ చెప్పుకోలేక అర్ధరాత్రి చావు మాటలు వస్తే మాత్రం పైన చెప్పిన నియమాలన్నీ పక్కన పెట్టాలి. టెలి-మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

భార్య గురించి ఒక్క మాట. రెండేళ్ళుగా పుట్టింటికి వెళ్ళలేదు, ఎందుకంటే బస్సులో ఎవరి పక్కన కూర్చుందో చెప్పాలి. స్నేహితురాలు ఇంటికి వస్తానంటే వద్దంటుంది. "పెళ్ళయ్యాక వచ్చిన జబ్బు, నీవల్లే" అని ఎవరో అనే ఉంటారు. ఆమెకు కూడా ఎవరైనా కావాలి, కౌన్సెలర్ అయినా, అక్క అయినా. జబ్బు తీసుకున్న ఆమె సమయంలో కొంత వెనక్కి తెచ్చుకోవడం స్వార్థం కాదు. నెలకోసారి ఖమ్మం వెళ్ళి రావడం కూడా ఆ కాగితం మీద ఒక మెట్టుగా రాసుకోవచ్చు.

తగ్గాక కూడా భయం ఇంకో రూపంలో రావొచ్చు, ఫ్రిజ్‌లోని గ్యాస్ అనో, మంచినీళ్ళ క్యాన్ అనో. విషయం మారినా పద్ధతి మారదు. అలాగే రేడియేషన్‌తో నిజంగా నిర్ణయం తీసుకోవాల్సిన రోజూ వస్తుంది. అత్తగారికి డాక్టరు ఇంకో సీటీ రాశాడనుకోండి. అప్పుడు ఓసీడీ లేని ఏ ఇంట్లోనైనా అడిగే ప్రశ్నే ఈ ఇల్లూ అడగాలి. "ఇది అవసరమేనా డాక్టర్ గారూ, అల్ట్రాసౌండ్‌తో సరిపోదా?" భర్తే అడగొచ్చు, డాక్టరు ముందు, ఒక్కసారి. అవసరమే అని ఆయన చెబితే ఈసారి అత్తగారితో భర్తే వెళ్ళాలి. ఇంటికొచ్చాక ముగ్గురూ ఒకే బల్ల దగ్గర, అవే కంచాల్లో అన్నం తినాలి.